కొర్లమ్మ లింఫోసైట్లు

1998 వర్షాకాలం. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ప్రభుత్వాసుపత్రి లేబొరేటరీలో నేను సీనియర్ టెక్నీషియన్‌ని. ఆ దీవికి వచ్చి అప్పటికి ఇరవై రెండేళ్ళు. మా లేబ్ మేడ మీద ఉండేది. ఒక కిటికీలోంచి హార్బరు కనిపించేది. వానాకాలంలో అక్కడి తేమకి మైక్రోస్కోపు లెన్సుల మీద బూజు పడుతుంది. అందుకని రోజూ సాయంత్రం వాటిని విప్పి, లోపల బల్బు వెలిగే ఒక చెక్కపెట్టెలో భద్రపరిచి ఇంటికి వెళ్ళేవాణ్ణి.

ఈ పనిలోకి నేను ఇష్టపడి రాలేదు. మాది కళింగసీమలో ఒక చిన్న ఎస్టేటు. ఎస్టేట్లు రద్దయ్యేనాటికి నేను చంటివాణ్ణి. నాకు ఊహ తెలిసేసరికి దివాణంలో మిగిలినవి నాన్నగారు పట్టుగుడ్డలో చుట్టి దాచుకున్న వంశవృక్షం, పటాలు అమ్మేశాక గోడలకి ఉండిపోయిన మేకులు. నేను డిప్లొమా చదివి, ఓడెక్కి, పరాయివాళ్ళ రక్తమూ మలమూత్రాలూ పరీక్షించే ఉద్యోగంలో చేరితే మా పెదనాన్నగారు నాతో మాట్లాడటం మానేశారు. ఆ ఉద్యోగాన్ని నేను తల వంచకుండా చేశాను. మడత నలిగిన చొక్కాతో బల్ల దగ్గర కూర్చోలేదు. రోగులు తెచ్చిన చేప ముట్టలేదు. నా రిపోర్టు తప్పని ఎవరిచేతా అనిపించుకోలేదు. గొప్పకి చెప్పడం లేదు. జరిగినదానిలో నా వంతు ఏమిటో తెలియాలంటే ఇది చెప్పక తప్పదు.

మా పనేమిటో తెలియనివారికి ఒక్క మాట. రక్తంలో తెల్లకణాల సంఖ్య లెక్కించడం ఒక పరీక్ష. ఆ తెల్లకణాల్లో ఏ రకం ఎన్ని ఉన్నాయో చూడటం ఇంకో పరీక్ష. దాన్ని డిఫరెన్షియల్ కౌంట్ అంటాం. గాజు స్లైడు మీద రక్తపు బొట్టుని పలచగా పరిచి, లీష్మన్ స్టెయిన్ అనే రంగు పోసి, ఆరాక మైక్రోస్కోపు కింద పెట్టి వంద కణాలు చూస్తాం. ఒక్కొక్క రకానికీ ఒక మీట ఉన్న చిన్న యంత్రం చేతి కింద ఉంటుంది. కన్ను కణాన్ని చూస్తుంది, వేలు మీట నొక్కుతుంది. న్యూట్రోఫిల్ అందంగా ఉంటుంది, కేంద్రకం మూడు నాలుగు తమ్మెలుగా విడిపోయి కనిపిస్తుంది. ఇయోసినోఫిల్ నిండా నారింజ రవ్వలు. అన్నిటిలోకీ చూడ్డానికి ఏమీ లేనిది లింఫోసైట్. ఒక నల్లని గుండ్రటి చుక్క, దాని చుట్టూ సన్నని నీలపు అంచు. అంతే. ఇరవై రెండేళ్ళలో లక్షలాది లింఫోసైట్లకి మీట నొక్కి ఉంటాను. ఒక్కదాని దగ్గరా ఆగి చూసిన జ్ఞాపకం లేదు.

పోలయ్య మా లేబ్‌కి మొదట వచ్చింది అంతకు రెండేళ్ళ ముందు. ఊళ్ళోనే డిగ్నాబాద్ అనే పేటలో ఉండేవాడు. వాళ్ళ నాన్న శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డాడు. పోలయ్యకి అప్పుడు ముప్ఫై రెండేళ్ళు ఉంటాయి. డుంగీ అనే చిన్న పడవ మీద చేపల వేటకి వెళ్ళేవాడు. వల లాగుతుంటే ఎడమ డొక్కలో రాయి కట్టినట్టు ఉంటోందన్నాడు. అతని రక్తం స్లైడు మీద పరిచి కన్ను ఆనించగానే నాకు విషయం అర్థమైంది. ఎముకల్లోని మజ్జలోనే ఉండి, పూర్తిగా ఎదిగాకే బయటికి రావలసిన కణాలు పసివీ, ఎదుగుతున్నవీ, అన్ని వయసులవీ గుంపులుగా రక్తంలో తిరుగుతున్నాయి. దాని పేరు క్రానిక్ మైలాయిడ్ లుకేమియా. మజ్జలో ఒక్క కణం క్రోమోజోముల్లో తప్పు జరిగి, ఆ ఒక్కటీ అదుపు లేకుండా పెరిగిపోవడం వల్ల వచ్చే రక్త క్యాన్సర్. ఇవాళ దానికి మాత్రలున్నాయి. అప్పటికి మాకు అవి లేవు.

మెయిన్‌లాండ్‌లో ఒక పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ అతని అక్క కొర్లమ్మ మజ్జ సరిపోయింది. పోలయ్య మజ్జని మందులతో పూర్తిగా తుడిచిపెట్టి అక్క మజ్జ ఎక్కించారు. తిరిగి వచ్చాక నేను అతని బ్లడ్ గ్రూపు చూస్తే పాత కార్డు మీద ఉన్న ‘బి’ కాస్తా ‘ఓ’ అయింది. ఇలా అవుతుందని పుస్తకంలో చదివినవాణ్ణే, అయినా మూడుసార్లు చేసి చూశాను.

కొర్లమ్మ అక్కడే నిలబడి ఉంది. తమ్ముడికంటే నాలుగేళ్ళు పెద్ద. భర్త పోయాక పుట్టింటికి వచ్చి ఆ ఇంటి పెత్తనం తీసుకున్న మనిషి. “అన్నిసార్లు సూత్తారేటి బాబూ, ఆడి నెత్తురిప్పుడు నా నెత్తురే” అంది.

మా ఇంట్లో రక్తం గురించి ఎప్పుడూ పెద్ద మాటలే మాట్లాడేవారు. ఫలానావారి రక్తం, ఫలానా వంశం అని. నాన్నగారి వంశవృక్షంలో పదకొండు తరాల పేర్లున్నాయి. బ్లడ్ గ్రూపు మారిన ఆ కార్డుని నేను చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

ఏడాది గడిచింది. పోలయ్య మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళాడు. ఆ తరవాత ఒక సోమవారం మామూలుగా పరీక్షకి వస్తే, స్లైడులో ఉండవలసిన దానికంటే ఎక్కువ బేసోఫిల్స్ కనిపించాయి. ముదురు ఊదా రవ్వలు నిండిన కణాలు అవి. ఆ జబ్బు తిరిగి వస్తోందంటే అవి ముందుగా కనిపిస్తాయి. అతనితో నేనేమీ అనలేదు. రిపోర్టు మడిచి డాక్టరు చేతికే ఇచ్చాను. మా డాక్టరు బెంగాలీ ఆవిడ, ఆసుపత్రిలో అందరం దీదీ అనేవాళ్ళం. ఆవిడ చదివి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

రెండోసారి మజ్జ మార్చే స్థితిలో పోలయ్య లేడు. పెద్దాసుపత్రి డాక్టర్లు ఇంకో మార్గం చెప్పారు. అప్పటికి అది మన దేశంలో కొద్దిచోట్లే చేసేవారు. డోనర్ లింఫోసైట్ ఇన్‌ఫ్యూజన్. మందు లేదు, రేడియేషన్ లేదు. అక్క రక్తంలోంచి లింఫోసైట్లు మాత్రం తీసి తమ్ముడికి ఎక్కించి, కాచుకుని కూర్చోవడం.

“నాలుగ్గంటలు మిసనుకి కట్టీసినారు బాబూ” అని తిరిగి వచ్చాక కొర్లమ్మ నాకు చెప్పింది. “ఈ సేతిలోంచి తీసి ఆ సేతిలోకి ఎక్కించీసినారు. నడుమన ఒక సంచీలోకి కూసింత జారింది. గ్లాసుడు కూడా లేదు. పలసన జావలాగుంది. దానికి ఇంత హడావుడేటి అనుకున్నాను.”

నేనూ అదే అనుకున్నాను, పైకి అనలేదు. ఇరవై రెండేళ్ళుగా నేను చూడకుండా మీట నొక్కిన కణాలు అవి. ఒక గ్లాసుడు లింఫోసైట్లు మజ్జ నిండా ఉన్న క్యాన్సర్‌ని ఏం చేస్తాయి?

పెద్దాసుపత్రి పంపిన ఉత్తరం దీదీ నాకు చదివి వినిపించింది. లింఫోసైట్లలో టి-సెల్స్ అని ఒక రకం ఉంది. మన ఛాతీలో థైమస్ అనే గ్రంథి ఉంటుంది, అవి అక్కడ శిక్షణ పొంది వస్తాయి, అందుకే ఆ పేరు. ఒంట్లో ప్రతి కణమూ తన లోపల ఏం జరుగుతోందో తెలిపే చిన్న ముక్కల్ని పైపొర మీద బయటపెట్టి ఉంచుతుందట. టి-సెల్ ఒక్కొక్క కణాన్నీ తాకి ఆ ముక్కల్ని తడిమి చూస్తుందట. మనదైతే వదిలేస్తుంది. పరాయిదైతే చంపుతుంది. పోలయ్య ఒంట్లో ఉన్న టి-సెల్స్, అక్క మజ్జలోంచి పుట్టినవే అయినా, ఇతని ఒంట్లోనే ఎదిగి ఈ జబ్బు కణాల మధ్యనే ఉండి, వాటిని ఇంటివాళ్ళుగానే లెక్కేసి ఊరుకున్నాయి. అక్క ఒంట్లో ఎదిగినవి అలా ఊరుకోవు. అక్కాతమ్ముళ్ళ మధ్య ఎంత కలిసినా కొన్ని చిన్న తేడాలు ఉంటాయి. ఆ తేడాని పట్టుకుని అవి జబ్బుని వెతికి చంపుతాయని ఆశ. ప్రమాదమూ అక్కడే ఉంది. పోలయ్య చర్మం, పేగులు, కాలేయం కూడా వాటికి పరాయివే. వాటి మీద పడితే మనిషి దక్కకపోవచ్చు.

వారం వారం మా దగ్గర రక్తపరీక్ష చేయించుకోవాలి, ఒంటి మీద ఏ మార్పు వచ్చినా వెంటనే చెప్పాలి అన్న షరతు మీద వాళ్ళని ఇంటికి పంపారు. ఆ సూచనలన్నీ ఇంగ్లిషులో ఉన్నాయి. నేను వాటిని ఒక తెల్లకాగితం మీద మంచి తెలుగులో, గుండ్రటి అక్షరాలతో రాసి పోలయ్య భార్య సుజాత చేతికి ఇచ్చాను. నా దస్తూరీ బాగుంటుంది. ఆ అమ్మాయి రెండు చేతులతో తీసుకుని కళ్ళకద్దుకుంది. నేను తృప్తిపడ్డాను.

మొదటి సోమవారం తెల్లకణాలు అరవై వేలు దాటి ఉన్నాయి. ఆరోగ్యవంతుడికి పదకొండు వేలు మించవు. రెండో సోమవారం ఇంకా పెరిగాయి. మూడు, నాలుగు వారాలు అక్కడక్కడే ఉన్నాయి. కొర్లమ్మ ప్రతిసారీ గుమ్మంలోంచి తల పెట్టి “నావి పని సేత్తన్నాయా బాబూ?” అని అడిగేది. “ఇంకా లేదు” అనేవాణ్ణి. “బద్దకిస్టులు” అని తన ఒంటిని తనే తిట్టుకుంటూ వెళ్ళేది.

అయిదో సోమవారం కౌంటు నలభై వేల దగ్గర ఉంది. పిప్పెట్టు సరిగా నింపలేదేమోనని మళ్ళీ చేశాను. అంతే వచ్చింది. మూడోసారీ అంతే. మందు ఏదీ ఇవ్వలేదు, ఏదీ మారలేదు. బేసోఫిల్స్ సగానికి సగం పోయాయి. వాటి మధ్య అక్కడక్కడ ఆ నల్లని చుక్కలు, లింఫోసైట్లు. టి-సెల్ ఏదో మిగతావి ఏవో మా మైక్రోస్కోపు చెప్పలేదు, అన్నీ ఒకేలా ఉంటాయి. కాని ఆ రోజు నేను మొదటిసారి ఒక లింఫోసైట్ దగ్గర ఆగాను. మీట నొక్కకుండా చూస్తూ ఉండిపోయాను. ఎవరికీ చెప్పడానికి ధైర్యం చాలలేదు. వచ్చే సోమవారం ఇంకా తగ్గితే అప్పుడు చెబుదామనుకున్నాను.

వచ్చే సోమవారం వాళ్ళు రాలేదు.

మంగళవారమూ రాలేదు. రోగులే మా దగ్గరికి రావాలి, వాళ్ళ ఇళ్ళకి వెళ్ళే అలవాటు నాకు లేదు. బుధవారం మధ్యాహ్నం వరకూ ఆ అలవాటుని కాపాడుకున్నాను. తరవాత గొడుగు తీసుకుని డిగ్నాబాద్‌కి నడిచాను.

పోలయ్య ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. గడప నిండా పసుపు. కొర్లమ్మ చప్పున బయటికి వచ్చి రెండు చేతులూ అడ్డంపెట్టింది.

“ఆగండి బాబూ! గడప తొక్కకండి. తల్లి వొచ్చింది.”

“ఏ తల్లి?”

“అమ్మోరు. తమ్ముడికి పోసింది. తొమ్మిది రోజులు పైవోల్లు రాకూడదు. మందులు ముట్టకూడదు. పోపు గూడా ఎయ్యడం లేదు, సల్దన్నమే ఎడతన్నాం. మీరొచ్చినారు, అదే పదివేలు. తల్లి సూసింది. ఎల్లి రండి.”

“ఎన్నాళ్ళయింది?”

“ఆరో రోజు.”

“ముందు ఎక్కడ కనిపించింది?”

“సెవులెర్రబడ్డాయి. ఆనక అరిసేతులు, అరికాళ్ళు. ఇప్పుడు ఒళ్ళంతా కాల్సినట్టుంది.”

“నీటి పొక్కులు లేచాయా?”

“ఇంకా లేవనేదు. లోపలే ఉన్నాది తల్లి.”

 చెవులు, అరచేతులు, అరికాళ్ళు. పెద్దాసుపత్రి సూచనల్లో ఏ వరుసలో ఉందో ఆ వరుసలోనే ఆమె చెబుతోంది. “విరేచనాలు అవుతున్నాయా?” అని అడిగాను.

 లోపలి నుంచి సుజాత గొంతు వినిపించింది. “కల్ సే, సాబ్. నిన్నటి నుంచి పది పన్నెండు సార్లు. పానీ లాగా.”

“నువ్వూరుకో. పెద్దోల్ల ముందర అయ్యేటి మాటలు?” అని కొర్లమ్మ కసిరింది.

“అమ్మవారు కాదు, ఏమీ కాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి” అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

కొర్లమ్మ ముఖం బిగుసుకుపోయింది. “అలాగనకండి. ఆడి ముందర తల్లిని అంత మాటన్నాక మీ మాట నాను నమ్మితే, ఆడికేటైనా అయితే ఎవరిది పూచీ?” అని తలుపు మూయబోయింది.

“నేను రాసిచ్చిన కాగితం చదవలేదా?” అన్నాను.

“సదవడమేటి బాబూ. దేముడి పటం కాడ ఎట్టినాం. రోజూ పువ్వెడతన్నాం.”

తలుపు సందులోంచి కనిపించింది. పటం ముందు నా కాగితం, దాని మీద ఎర్రమందారం, కుంకుమ.

“సుజాతా, నీకు ఇచ్చాను కదా?”

“నాకు తెలుగు చదవడం రాదు సాబ్. స్కూల్ సారా హిందీలో. వదినకి అసలే రాదు. ఆయనా హిందీ మీడియమే.”

“ఆ రోజే ఎందుకు చెప్పలేదు?”

సుజాత కొర్లమ్మ వైపు చూసింది. ఆఖరికి లోపల మంచం మీంచి పోలయ్య గొంతు నీరసంగా వచ్చింది. “మిమ్మల్ని అడగడానికి మాకు గుండె ఉందేటి బాబూ? మీరు సూదెట్టినప్పుడు ఊపిరి తీయడానికే బయ్యమేస్తాది.”

 అందంగా రాశానని తృప్తిపడ్డానే గాని, ఎదుటివాళ్ళకి చదవడం వచ్చా అని అడగడం నాకు తోచలేదు. దీవిలో మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో హిందీ చదువుతారు. ఇరవై రెండేళ్ళుగా అది నా చుట్టూ ఉన్నదే. గొడుగు ముడిచి, చెప్పులు విడిచి, వానకి తడిసిన గడప ముందు మెట్టు మీద కూర్చున్నాను. సుజాతని ఆ కాగితం తెమ్మని, పువ్వు తీసి పక్కన పెట్టి, ఒక్కొక్క వాక్యం పైకి చదివాను. “చెవులు, అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడితే” అని చదివేసరికి సుజాత నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

“కొర్లమ్మా, అమ్మవారి సంగతి చెప్పేంతవాణ్ణి కాను. నీ ఒంట్లోంచి తీసి ఇతనికి ఎక్కించారే, ఆ కణాల సంగతి చెబుతాను. అవి ఇప్పుడు లేచాయి.”

ఆమె నెమ్మదిగా కిందికి కూర్చుంది. “నా నెత్తురు నా తమ్ముణ్ణి తింటందా?”

“జబ్బుని తింటోంది. పోయినవారం నేనే చూశాను, మూడుసార్లు లెక్కపెట్టాను. మూడో వంతు తినేసింది. కాని ఎక్కడ ఆగాలో వాటికి తెలియదు. ఇతని చర్మం, పేగులు కూడా పరాయివే అనుకుని వాటి మీదా పడ్డాయి.”

“అంటే తల్లి కాదు. నానే.”

“నువ్వే.”

 “నాను అంతే బాబూ” అంది కొర్లమ్మ. “ఎవుడికైనా బుద్ది సెప్పడానికెల్తే ఇల్లంతా దులిపీసి వస్తాను. ఆపడం నాకు సేతకాదు.”

“అందుకే డాక్టర్లకి సెప్పినాను, ఇంకెవరివైనా ఎక్కించండని. ఇన్నేదు” అన్నాడు లోపల్నుంచి పోలయ్య.

కొర్లమ్మ లేచి ముందు పటానికి దండం పెట్టుకుంది. “తప్పుగా పిలిసినాం తల్లీ, కోపగించుకోకు” అంది. తర్వాత వేపమండలు తనే విప్పింది. లోపలికి వెళ్ళి తమ్ముడి గుండె మీద అరచెయ్యి ఆనించి, “ఒలే, ఇనండి. ఆ రోగాన్ని సంపండి. నా తమ్ముడి జోలికొచ్చినారంటే మీ అంతు సూస్తాను” అని కేకలేసింది. తన కణాల్ని ఆమె అలా బెదిరిస్తుంటే ఇంకొకప్పుడైతే నవ్వొచ్చేదేమో. పోలయ్యని చూశాక నాకు నవ్వు రాలేదు. ముఖమంతా కాలిన రంగు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఆటో దొరికేలోపు ఇంకో రెండుసార్లు దొడ్డివైపుకి నడిపించుకు వెళ్ళవలసి వచ్చింది.

దీదీ అతణ్ణి చూడగానే మెయిన్‌లాండ్‌కి ఫోను చేసింది. లైను దొరకడానికి గంట పట్టింది. మాట్లాడి వచ్చి నాతో హిందీలో చెప్పింది. స్టెరాయిడ్ ఇవ్వాలి. ఇవ్వకపోతే పేగులు పాడై మనిషి పోతాడు. ఎక్కువ ఇస్తే అక్క కణాలు పడుకుంటాయి, మిగిలిన జబ్బు మళ్ళీ లేస్తుంది. ఇంకోసారి ఎక్కించడానికి ఇతని ఒంట్లో ఓపిక లేదు. “రెండిటి మధ్య ఉన్న దారి ఎంత వెడల్పో నాకు తెలియదు. మీరు రోజూ ఇచ్చే లెక్కని బట్టే డోసు పెంచడం, తగ్గించడం. వంద కణాలు చూస్తే సరిపోదు” అంది.

ఆ రోజు నుంచి నేను పోలయ్య స్లైడులో రోజూ అయిదు వందల కణాలు లెక్కపెట్టాను. స్టెరాయిడ్ మొదలుపెట్టాక మూడో రోజు విరేచనాలు తగ్గుముఖం పట్టాయి. చెవుల ఎరుపు తగ్గింది. ఇక కౌంటు పెరుగుతుందని ప్రతి ఉదయం భయపడుతూ స్లైడు పెట్టేవాణ్ణి. అది పెరగలేదు. ఇరవై వేలయింది. పన్నెండయింది. అక్కడితో ఆగలేదు. నాలుగు, రెండు, చివరికి వెయ్యికి దిగువకి వెళ్ళింది. ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టించే కణాలు, పడిపోయాయి. పోలయ్య చిగుళ్ళలోంచి నెత్తురు వచ్చింది. జబ్బుతోపాటు మజ్జ అంతా ఖాళీ అయిపోయిందేమోనని దీదీకి అనుమానం. జైలు వార్డెన్లు, పోర్టు కూలీలు, ఇద్దరు స్కూలు మాస్టర్లు వచ్చి రక్తం ఇచ్చారు. సుజాత వరండాలోనే ఉండిపోయింది. కొర్లమ్మ మాత్రం రోజూ పొద్దున్నే మేడెక్కి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి ఒక్క మాట కూడా అడిగేది కాదు. నా ముఖం చూసి దిగిపోయేది.

అలా తొమ్మిది రోజులు. పదో రోజు ఉదయం కౌంటు పదిహేను వందలుంది. పెరిగింది. జబ్బు తిరిగి వచ్చిందా, మజ్జ తేరుకుందా? లెక్క చెప్పదు, స్లైడే చెప్పాలి. రంగు పోసి, కడిగి, ఆరీ ఆరకముందే స్లైడుని మైక్రోస్కోపు కింద పెట్టాను. ఇన్నేళ్ళలో అలా ఎప్పుడూ చేయలేదు.

స్లైడు ఒక అంచు నుంచి మొదలుపెట్టి ఇంకో అంచు దాకా, వరుస వదలకుండా, దున్నినట్టు చూశాను. ఒకసారి కాదు, రెండుసార్లు. రెండు గంటలు పట్టింది. న్యూట్రోఫిల్స్ ఉన్నాయి, చక్కగా తమ్మెలు విడిన కేంద్రకాలతో. ప్లేట్‌లెట్లు చిన్న చిన్న గుంపులుగా కనిపించాయి. పసి కణం ఒక్కటి లేదు. బేసోఫిల్ ఒక్కటి లేదు. మొదటిరోజు నేను చూసిన ఆ గుంపులన్నీ ఎక్కడికి పోయాయో అంతుచిక్కలేదు. శత్రుసేన గుడారాలతో సహా మాయమైపోయిన మైదానంలా ఉంది. మిగిలిన కణాల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి, ఎప్పటిలాగే గుండ్రంగా, నల్లగా, ఏమీ ఎరగనట్టు లింఫోసైట్లు.

కన్ను తీయలేకపోయాను. ఒక గ్లాసుడు జావ. అవి వెళ్ళిన ఒళ్ళు వాటికి కొత్త. దారి చెప్పినవాళ్ళు లేరు. అయిదు వారాలు తమలో తాము పెరిగాయి. మజ్జలో, ప్లీహంలో, చీకటి సందుల్లో ఒక్కొక్క కణాన్నీ తాకి చూసుకుంటూ వెళ్ళాయి. ఏ మందూ చేరుకోలేని చోటికి చేరుకుని, పరాయిదాన్ని పరాయిదిగా గుర్తుపట్టాయి. మనిషి చేసిన పని వాటిని ఒక సంచీలోంచి ఇంకో ఒంట్లోకి మార్చడమే. మిగతాదంతా వాటికే తెలుసు. నాన్నగారు పట్టుగుడ్డలో దాచిన పదకొండు తరాల పేర్ల ముందు కూడా నేను అంత వినయంగా కూర్చోలేదు.

దీదీని పిలిచాను. ఆవిడ చూసి, నా భుజం మీద చెయ్యి వేసి, మళ్ళీ చూసింది. నాలుగు నెలల తరవాత మెయిన్‌లాండ్‌లో క్రోమోజోమ్ పరీక్ష చేశారు. తప్పు క్రోమోజోమ్ ఒక్క కణంలోనూ దొరకలేదు. పోలయ్య చేతుల మీద నల్లమచ్చలు ఉండిపోయాయి, కళ్ళు పొడిబారి ఇసక పడ్డట్టుంటాయనేవాడు. కాని నేను రిటైరయ్యేనాటికి డుంగీ నడుపుతూనే ఉన్నాడు.

ఆ కేసు తరవాత నేను ఎవరికీ కాగితం రాసిచ్చి ఊరుకోలేదు. వాళ్ళకి ఏ భాష వస్తే ఆ భాషలో నోటితో చెప్పి, వాళ్ళచేత తిరిగి చెప్పించుకునేవాణ్ణి. కుర్రాళ్ళకి పని నేర్పినప్పుడు రంగు పోయడం కంటే ముందు అదే నేర్పాను.

కాని నేను నేర్చుకున్నది అంతే అంటే సగమే చెప్పినట్టు. ఆ పదో రోజున మైక్రోస్కోపు దగ్గర జరిగింది కూడా చెప్పాలి. దీదీ కిందికి వెళ్ళాక గుమ్మంలో కొర్లమ్మ కనిపించింది. నా ముఖంలో ఏముందో చూసి, ఈసారి దిగిపోలేదు. లోపలికి రమ్మన్నాను. స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక కన్ను ఎలా మూసుకోవాలో చూపించాను. చాలాసేపు తంటాలు పడి, ఆఖరికి “ఆఁ, కనపడతన్నాయి” అంది.

“మధ్యలో నల్లగా, గుండ్రంగా ఉందే, అది” అన్నాను.

“ఇంతేనా?” అంది. నిరాశగా అనలేదు. ఊపిరి బిగపట్టి అంది. “మిగిలినయ్యి తమ్ముడియ్యా?”

“కాదు. ఇక్కడ కనిపించేవన్నీ నీవే.”

ఆమె కన్ను అలాగే ఆనించి ఉంచి, గొంతు తగ్గించి అడిగింది. “ఈటికి తెలుసునా బాబూ, ఆడు నా తమ్ముడని?”

ఇరవై రెండేళ్ళు ఆ బల్ల దగ్గర నన్నడిగిన ప్రతి ప్రశ్నకీ ఏదో ఒక జవాబు చెప్పి పంపించాను. తెలియదనడం నాకు చేతకాదు, మా ఇంట్లో అది అలవాటు లేదు. ఆ కేసు నాకు నేర్పింది అలా అనడమే.

“నాకు తెలియదమ్మా” అన్నాను.